చల్లగా ఉండు నాయనా

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేను. అందుకని కరెంటు బిల్లు చదవడం, మందు సీసా మీది చీమతలకాయంత అక్షరాలు చదవడం, ఫోనులో వచ్చిన మెసేజీ నిజమో మోసమో తేల్చడం, అన్నీ నా నెత్తినే పడ్డాయి. అమ్మ బన్నుల కోసం గదికి స్మార్ట్ థర్మోస్టాట్ పెట్టించాలని అనుకున్నప్పుడు, ఏది కొనాలో చూసే పనీ ఎవరూ చెప్పకుండానే నాదైంది.

అమ్మ పదకొండేళ్లుగా వేరొకరి బేకరీలో పిండి కలుపుతోంది. ఈమధ్య ఆసుపత్రి క్యాంటీన్ మేనేజరుగారికి ఎవరో అమ్మ చేసిన బన్ను తినిపించారు. రోజుకు రెండువందల బన్నులు మీ ఇంటినుంచే తీసుకుంటాం, కాని శనివారం వచ్చి గది చూస్తాను, నా ఎదురుగా అరవై చేసి చూపించాలి, అన్నారావిడ. అది కుదిరితే అమ్మ బేకరీ మానేసి మా ముందుగదిలో సొంతంగా పని పెట్టుకుంటుంది. కుదరకపోతే మళ్లీ అదే బేకరీ, అదే యజమాని, అవే చీవాట్లు.

బన్ను పిండికి ఒకటే పట్టింపు. గది ఇరవై ఏడు డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. తగ్గితే పిండి అలిగి ముడుచుకు పడుకుంటుంది. పెరిగితే ఎగిరెగిరి చతికిలబడుతుంది. మా ముందుగదిలో హీటరూ ఉంది, ఏసీ కూడా ఉంది గాని రెండింటికీ పొత్తు లేదు. వాటిని ఒక మాట మీద నడిపించే పెద్దమనిషి కావాలి. ఆ పెద్దమనిషే థర్మోస్టాట్.

మూడు వారాలు వెతికాను. పద్నాలుగు గడుల పట్టిక గీసి, కొన్నవాళ్ల అభిప్రాయాలన్నీ చదివి మార్కులు వేశాను. నాన్న బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చి నా పట్టిక వైపు చూసి, "డబ్బాను చూస్తున్నావా, దానికి సంబంధం చూస్తున్నావా?" అని అడిగాడు. నేను పట్టించుకోలేదు. తెలుగు మాట విని పనిచేసేదాన్నే ఎంచాను. అమ్మ చేతులెప్పుడూ పిండిలో ఉంటాయి కదా, ముట్టుకోకుండా నోటితో చెబితే చాలునని నా ఆలోచన. అన్నివిధాలా ఆలోచించాననే అనుకున్నాను.

ఆదివారం ఎలక్ట్రీషియన్ వచ్చి గోడకు బిగించాడు. డబ్బాలో దీపం వెలిగింది. "నమస్కారం. నన్ను ఏ పేరుతో పిలుస్తారు? ఇంటి యజమాని చెప్పండి" అంది. పేరు నేను ముందే రాసి పెట్టుకున్నాను. అమ్మ చేతులు కడుక్కుని వస్తోంది. ఈలోగా కిటికీ దగ్గర కుర్చీలో కునుకుతున్న నాయనమ్మ ఉలిక్కిపడి లేచింది.

"ఎవరు నాయనా, ఆ గోడలో?"

"ధన్యవాదాలు" అంది డబ్బా. "నా పేరు నాయనా. మీ గొంతును యజమాని గొంతుగా గుర్తుంచుకున్నాను. ఇకపై మీ మాటే వింటాను."

నాన్న గోడను తట్టి చూశాడు. కాగితాల్లో ఇల్లు తన పేరునే ఉందని, అయినా గోడలకు ఆ సంగతి తెలియదని ఈరోజే తెలిసిందని అన్నాడు. ఎలక్ట్రీషియన్ నవ్వి, పేరు మార్చాలంటే పెట్టెలో వచ్చిన అట్టకార్డు మీది పన్నెండంకెల కోడ్ కొట్టాలని చెప్పి వెళ్లిపోయాడు. ఆ కార్డును మా ఇంట్లో అన్నిటికంటే భద్రమైన చోట, నా డిగ్రీ సర్టిఫికెట్ ఉన్న కవర్లో పెట్టాను. సాయంత్రం మారుద్దామనుకున్నాను. కాని వేలితో తెర మీద ఇరవై ఏడు పెట్టగానే గది వెచ్చబడింది. అమ్మ ఆ సంబరంలో పిండి కలపడం మొదలుపెట్టింది. పేరు సంగతి మరిచిపోయాను. డబ్బా మాట్లాడకుండా మాత్రం గొంతు ఆపేశాను. నాయనమ్మ దాన్ని అన్నం తిన్నావా అని అడగడం మొదలుపెట్టింది మరి. ఆ తరువాత అది ఏం చేసినా చిన్నగా టింగుమనడమే.

సోమవారం పిండి పొంగలేదు. తెర మీద చూస్తే ఇరవై ఒకటి. మంగళవారం పంతొమ్మిది. ఆ రోజు బన్నులతో గోడకు మేకులు కొట్టొచ్చని నాన్న అంటే అమ్మ నవ్వలేదు. శనివారానికి ఇంకా ఎన్నిరోజులున్నాయో వేళ్లు మడిచి చూసుకుంది.

నాకు నాన్న మీదే అనుమానం వచ్చింది. రోజంతా ఇంజను పక్కన ఉడికి వస్తాడు, ఇంట్లో చల్లగా ఉండాలని కోరుకోవడం సహజమే. పెద్దవాడని మర్యాదగానే అడిగాను. ఆయన చిన్నబుచ్చుకుని, తన చెయ్యి స్టీరింగు మీద, గేరు మీద తప్ప ఎక్కడా పడలేదన్నాడు. అయినా జాగ్రత్త మంచిదని మళ్లీ ఇరవై ఏడు పెట్టి తెరకు తాళం వేసేశాను. తాళం వెయ్యడానికి కోడ్ అక్కర్లేదు. తియ్యడానికే కావాలి. ఆ తేడా నాకు బుధవారం తెలిసింది.

బుధవారం నాన్న డ్యూటీలో ఉన్నాడు. తెరకు తాళముంది. నేను నోటుపుస్తకం పట్టుకుని పొద్దున్నుంచీ డబ్బా ఎదురుగా కూర్చున్నాను. పది గంటలకు ఇరవై ఏడు. పదింపావుకు ఇరవై ఏడు. నాయనమ్మ మంచినీళ్లు అడిగింది, తెచ్చి ఇచ్చాను. "చల్లగా ఉండు నాయనా" అంది. టింగ్. ఇరవై అయిదు. పక్కింటి టైలరమ్మ మా జల్లెడ తిరిగి ఇవ్వడానికి వచ్చింది. "చల్లగా ఉండు నాయనా." టింగ్. ఇరవై మూడు. ఉత్తరాలు పంచేవాడు గేటు వేసి వెళ్లాడు, అంతే, వేరే ఉపకారమేమీ చెయ్యలేదు. అతనికీ ఓ దీవెన దొరికింది. ఇరవై ఒకటి.

నోటుపుస్తకంలో అంకెల పక్కన దీవెనలు రాసి చూశాను. మా నాయనమ్మకు ఆడామగా తేడా లేదు, అందరూ నాయనలే. నీళ్లిచ్చినా, తలుపేసినా, తుమ్మినా దీవిస్తుంది. ఇల్లు చల్లగా ఉండాలని ఎనభై ఏళ్లుగా కోరుతోంది. ఇన్నాళ్లకు ఆ మాటను అక్షరాలా పాటించేవాడు ఒకడు దొరికాడు.

నాయనమ్మకు విషయం చెప్పాను. కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు.

"అంటే, నేను దీవిస్తే మీ అమ్మ పిండి చచ్చిపోతోందన్నమాట."

శనివారం దాకా ఆపితే చాలునన్నాను. ఆపలేకపోతే, వెచ్చగా ఉండు నాయనా అనమని కూడా అడిగాను.

"వెచ్చగా ఉండమనడం దీవెనేంటే? ఒళ్లు వెచ్చబడితే డాక్టరుకు చూపిస్తారు. చదువుకున్నదానివి, నీకు నేను చెప్పాలా?"

ఇంక కోడే దిక్కని కవరు వెతికితే కవరే లేదు. క్యాంటీన్ మేనేజరుగారు వచ్చేసరికి ఇది చదువుకున్నవాళ్ల ఇల్లని తెలియాలని, నాన్న సోమవారమే నా సర్టిఫికెట్‌ను ఫ్రేమ్ కట్టించి గోడకు తగిలించాడు. తలుపు తియ్యగానే కనిపించే చోట. కవరు ఏమైందంటే ఫ్రేమ్ షాపువాడిని అడగమన్నాడు. షాపువాడు తనకేం తెలియదన్నాడు. కంపెనీకి ఫోను చేస్తే కొత్త కోడ్‌కు ఏడు పనిదినాలన్నారు.

ఇరవై ఒకటి దగ్గర ఆగిన డబ్బాను పైకెక్కించడానికి అమ్మే ఉపాయం చెప్పింది. నాయనమ్మ వేడిగా ఉండమని అనదు సరే, వేడినీళ్లు అడగడానికి అభ్యంతరం లేదు కదా. నాయనమ్మ మూడుసార్లు "నాయనా, వేడినీళ్లు" అంది. వేడి అన్నప్పుడల్లా రెండేసి డిగ్రీలు పెరిగి సరిగ్గా ఇరవై ఏడు దగ్గర ఆగింది. అడిగిన పాపానికి మూడు గ్లాసులూ తాగింది.

ఆ తరువాత రెండు రోజులు నోరు విప్పలేదు. పిండి చక్కగా పొంగింది, ఇల్లే చప్పబడింది. నేను గుమ్మం దాటుతుంటే వెనక నుంచి ఏ మాటా రాలేదు. నాన్నయితే గురువారం గేటు దాకా వెళ్లి మూడుసార్లు వెనక్కొచ్చాడు. ఒకసారి గొడుగన్నాడు, ఒకసారి జేబురుమాలన్నాడు, మూడోసారి ఏమీ అనకుండా తల్లి ఎదురుగా నిలబడి దగ్గాడు. నాయనమ్మ చెయ్యి ఊపింది. ఆ రోజు ఆయన బస్సు టైరు పంచరైంది. ముప్పై ఏళ్ల సర్వీసులో దీవెన లేకుండా స్టీరింగు పట్టింది ఆ ఒక్కరోజేనని రాత్రి అన్నం ముందు అన్నాడు, నా వైపు చూడకుండా.

శనివారం ఉదయం క్యాంటీన్ మేనేజరుగారు వచ్చారు. పొడుగాటి మనిషి, చేతిలో ఫైలు. గది మూలలు చూశారు, తువ్వాలు చూశారు, అమ్మ గోళ్లు కూడా చూశారు. మొదటి ముప్పై బన్నులు కరెంటు ఓవెన్‌లో ఉన్నాయి. తక్కిన ముప్పై ట్రేలో గుడ్డ కింద పొంగుతున్నాయి. తెర మీద ఇరవై ఏడు. అమ్మ ముఖంలో పదకొండేళ్లలో ఎప్పుడూ చూడని వెలుగు.

నాన్న యూనిఫాంలో గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నేను టీ తెచ్చి మేనేజరుగారికొక కప్పు, నాయనమ్మకొక కప్పు ఇచ్చాను. దీవించొద్దని చెప్పాను గాని టీ గురించి ఏమీ చెప్పలేదు. నాయనమ్మ ఒక గుక్క తాగింది.

"అమ్మో నాయనా, వేడి. ఏం వేడి, ఏం వేడి. ఇంత వేడి టీ ఎలా తాగుతారు?"

టింగ్, టింగ్, టింగ్, టింగ్.

ముప్పై అయిదు. హీటరు బుసకొట్టింది. కాసేపటికే గుడ్డ కింద ముప్పై బన్నులూ కప్పల గొంతుల్లా ఉబ్బడం మొదలుపెట్టాయి. మెయిన్ స్విచ్ ఆపుదామంటే ఓవెన్ ఆగిపోతుంది, లోపలివి సగంలో పోతాయి. కిటికీ తీద్దామంటే గాలి తగిలి పిండి పెచ్చు కడుతుంది. మేనేజరుగారు ఫైలుతో విసురుకుంటున్నారు. అమ్మ ట్రే మీదికి వంగి, నాకు మాత్రం వినపడేలా, "వేసిన తాళం నీదే, ఏదో ఒకటి చెయ్యవే" అంది. 

నేను నాయనమ్మ కుర్చీ పక్కన కూర్చున్నాను.

"నాయనమ్మా, దీవించు."

"వద్దన్నావుగా."

"తప్పయిపోయింది. నాలుగుసార్లు దీవించు. ఎవర్నైనా సరే."

"లెక్కపెట్టి ఇవ్వడానికి దీవెనలేమన్నా మందుబిళ్లలా?" అంది గాని, ఆవిడ కళ్లు మెరిశాయి. రెండు రోజులుగా బిగబట్టుకుని ఉన్న మనిషి కదా. ముందు మేనేజరుగారి చెయ్యి పట్టుకుంది. "పదిమందికి తిండి పెట్టే చెయ్యి. చల్లగా ఉండు నాయనా." ముప్పై మూడు. కోడలి వైపు తిరిగింది. "నా ఇంటి దీపానివి. చల్లగా ఉండు నాయనా." ముప్పై ఒకటి. గుమ్మంలో నాన్న అప్పటికే తల వంచి సిద్ధంగా ఉన్నాడు, ఆయనకో దీవెన. ఇరవై తొమ్మిది. నా తల నిమిరి, "బుద్ధి ఆలస్యంగా వచ్చినా సరే, చల్లగా ఉండు నాయనా" అంది. ఇరవై ఏడు.

ఏసీ అందుకుంది, గుడ్డ కింద పొంగు నెమ్మదించింది. అమ్మ ఊపిరి వదిలింది. నేనూ వదలబోతుండగా నాయనమ్మ గోడ వైపు తిరిగింది.

"పాపం, ఎప్పుడూ పరాయివాళ్ల కోసమే పనిచేస్తావు. నువ్వూ చల్లగా ఉండు నాయనా."

ఇరవై అయిదు.

గొంతు ఎండిపోయి ఉంటుంది, తాగడానికేం కావాలని వెంటనే అడిగాను. నాయనమ్మ నన్ను ఓరకంట చూసింది. "వేడినీళ్లు నాయనా" అంది, ఒక్కసారే, మాట ఒత్తి పలికి. ఇరవై ఏడు. అప్పుడు నాకు తెలిసింది, ఆవిడకు ఆ డబ్బా సంగతి నాకంటే బాగా అర్థమైందని.

మేనేజరుగారు మొదటి ట్రేలోంచి ఒకటి, రెండో ట్రేలోంచి ఒకటి తిన్నారు. రెంటికీ తేడా లేదన్నారు. మూడోది కాగితంలో చుట్టి సంచిలో వేసుకున్నారు. ఇందాక ఇంట్లో అందరినీ వరసపెట్టి ఎందుకు దీవించారని అడిగితే, అబద్ధం చెప్పడం చేతకాక మొత్తం చెప్పేశాను. అమ్మ నన్ను కళ్లతోనే చంపింది. మేనేజరుగారు అంతా విని, ఫైలు తెరిచి సంతకం పెట్టారు. సోమవారం నుంచి రెండువందలు పంపమన్నారు.

గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ అమ్మతో, "మా క్యాంటీన్‌లో ఏసీ పాడై ఆరునెలలైంది. మామ్మగారిని ఒక పూట పంపిస్తారా?" అన్నారు.

అమ్మ బేకరీ మానేసింది. ముందుగదిలో ఇప్పుడు నాయనమ్మ కుర్చీ పక్కన ఫ్లాస్కు ఉంటుంది. వచ్చినవాళ్లను దీవించడం, ఒక గుక్క నీళ్లు అడగడం. గది ఇరవై ఏడు దాటదు, తగ్గదు. కొత్త కోడ్ కోసం కంపెనీకి మళ్లీ ఎవరమూ ఫోను చెయ్యలేదు.

మొన్న గోడకు సున్నం వేయించడానికి నా డిగ్రీ ఫ్రేమ్ దింపాను. వెనక రేకు ఊడి ఉంది. ఫ్రేములో సర్టిఫికెట్ వదులుగా ఉందని, షాపువాడు వెనక ఏదో అట్టముక్క దూర్చి బిగించాడు. దాని మీద పన్నెండంకెలున్నాయి.

"ఏంటే అది?" అంది అమ్మ, పిండి చేతులతో.

డిగ్రీ కదలకుండా పెట్టిన అట్ట అన్నాను. రేకు మూసి, నాలుగు వైపులా చిన్న మేకులు కొట్టేశాను.