అన్నదమ్ములు కలవకూడదు

పెద్దోడు ఆ చివర బల్ల మీద, చిన్నోడు ఈ చివర బల్ల మీద కూర్చున్నారు. మధ్య బల్ల వాళ్ళమ్మది. పేరుకే ఆవిడది గానీ, పొద్దున్నించీ నడుము వాల్చింది లేదు. కోర్టు వరండాలో ఆ కొసకీ ఈ కొసకీ మాటలు మోస్తూనే ఉంది.

"వాడేమైనా తిన్నాడా అడుగమ్మా," అన్నాడు పెద్దోడు, గోడకేసి చూస్తూ.

ఆవిడ ఇవతలికొచ్చింది. "తిన్నావా అంటున్నాడురా."

"తిన్నానని చెప్పు. చొక్కా గుండీలు ఒకదానికొకటి మార్చి పెట్టుకున్నాడని కూడా చెప్పు. గుండీలు కుట్టే ఆవిడ కొడుకు అలా వస్తే జడ్జిగారు దాన్నీ నేరం కింద రాస్తారు."

ఆవిడకి నవ్వు రాలేదు. పెద్దోడి దగ్గరికెళ్ళి, ఆ గుండీలు తనే విప్పి మళ్ళీ పెట్టింది. ఇవాళ పనికి వెళ్ళనందుకు కుట్టు షెడ్డులో రోజు కూలి పోయినట్టే. రేపు వెళ్తే ఉంచుతారో లేదో.

అన్నదమ్ములిద్దరూ ఒకే మిల్లులో పనిచేసేవాళ్ళు. మూడు నెలల జీతం ఎగ్గొట్టి యజమాని మిల్లుకి తాళం వేసుకుని పోతే, ఇద్దరూ వెనక గోడ దూకి ఒక మోటారు మోసుకొచ్చారు. జీతం కింద జమ అనుకున్నారు వాళ్ళు. దొంగతనం అంది కోర్టు. మొదటి తప్పు గదా అని శిక్ష ఆపి, ప్రొబేషన్ మీద వదిలింది. రెండేళ్ళు పనిలో ఉండాలి, ఊరు దాటకూడదు, పిలిచినప్పుడల్లా ఆఫీసరు ముందు నిలబడాలి. అన్నిటికీ ఆవిడ తలూపింది. చివరి షరతు దగ్గర మాత్రం తను సరిగ్గా విన్లేదేమో అనుకుంది. కలిసి నేరం చేసినవాళ్ళు మళ్ళీ కలవకూడదు, మాట్లాడుకోకూడదు. ఆ ఇద్దరూ ఒక్క కంచంలో తిని పెరిగిన సంగతి ఆ కాగితానికి ఎవరు చెబుతారు?

చిన్నోడు ఇల్లు వదిలాడు. బస్సులు కడిగే షెడ్డులోనే పని, అక్కడే పడక. పెద్దోడు ఆసుపత్రి దుప్పట్లు ఉతికే కంపెనీలో చేరి, తల్లితో ఉన్నాడు. అలా దాదాపు ఏడాది గడిచింది.

గడిచిన దాన్ని చెడగొట్టింది ఆవిడే. పెద్దోడు ఒక సాయంత్రం వేళకి ఇంటికి రాలేదు. కొడుకు ఆలస్యమైతే, ఏదో పని పడి ఆగాడన్న ఆలోచన ఆవిడకి ఆఖరున వస్తుంది. అంతకంటే ముందు ఆవిరి గొట్టం పేలిపోతుంది, లారీ మీదికొచ్చేస్తుంది, ఎవరో తెలియనివాళ్ళు తలుపు కొట్టి "మీరేనా వాళ్ళమ్మ" అంటారు. చిన్నోడికి ఫోను చేసింది. "అన్నయ్య ఇంకా రాలేదురా," అంది, అంతే. వాడు తడిబట్టలతో పరుగెత్తుకొచ్చాడు. వెనకాలే పెద్దోడూ వచ్చాడు. మిషను మొరాయించిందట. ముగ్గురూ మొహమొహాలు చూసుకుని నవ్వుకున్నారు. చిన్నోడు వెళ్ళిపోతానని తలుపు దాకా పోయాడు కూడా. "ఎలాగూ వచ్చావు, రెండు ముద్దలు తినిపో," అంది ఆవిడ. వాడు రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా, తనిఖీకని ఆఫీసరమ్మ గడపలో నిలబడింది.

"నాకూ పైవాళ్ళున్నారమ్మా," అంటూనే రాసుకుని పోయింది.

సర్కారు ఇచ్చిన లాయరు చంకలో ఫైళ్ళతో వచ్చాడు. ఎవరి ఫైలు ఏదో చూసుకుంటూనే మాట్లాడాడు. "ఒప్పుకుంటున్నామని చెప్పండి. బతిమాలండి. అంతే."

"నేనే పిలిచాను బాబూ. ఆ మాట చెబుతాను."

"ఆ పని మాత్రం చెయ్యకు పెద్దమ్మా. షరతు తెలిసి పిలిచానంటే, పెద్దవాణ్ణి కూడా నీ దగ్గర ఉంచరు."

ఒకడి కోసం నోరు తెరిస్తే రెండోవాడు పోయేట్టుంది.

లోపల ఒక్కో కేసు టీ చల్లారేలోపు అయిపోతోంది. మొదటిసారి, దొంగతనం కేసప్పుడు, సాక్షులొచ్చారు, వాయిదాలు పడ్డాయి, వాదించుకున్నారు. ఇప్పుడు అవేవీ లేవు. ఆఫీసరు రాసింది చదువుతారు, నిజమేనా అంటారు, అవునంటారు, అయిపోయింది. సంతకానికి ఒక్కసారి రాలేకపోయిన బాలింత లోపలికెళ్ళి కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. పెద్దోడు వెళ్ళి వచ్చాడు. తన ఇంట్లో తనున్నాడు గనక మందలించి, గడువు ఇంకో ఏడాది పెంచారు. వచ్చి మళ్ళీ ఆ చివర బల్ల మీదే కూర్చున్నాడు.

బంట్రోతు చిన్నోడి నంబరు పిలిచాడు. వెనకే ఆవిడా వెళ్ళింది.

జడ్జిగారు నెమ్మదస్తుడు. కళ్ళు అలిసిపోయి ఉన్నాయి. "ఆ రోజు అన్న ఇంటికి వెళ్ళావా?"

"అమ్మ ఇంటికి వెళ్ళానండి."

"అన్న అక్కడున్నాడా?"

"ఉన్నాడండి."

ఆవిడ ఆగలేకపోయింది. "బాబూ, వాడంతట వాడు రాలేదు, నేనే పిలిచాను. పెద్దోడికి ఏమైపోయిందోనని..."

లాయరు తల పట్టుకున్నాడు. జడ్జిగారు మాత్రం కోప్పడలేదు. "ఎందుకొచ్చాడన్నది ఇక్కడ అడగడం లేదమ్మా. వచ్చాడా లేదా అన్నదే." కాసేపు కాగితాలు తిప్పారు. "పనిలో బాగానే ఉన్నాడని రాశారు. ఇంకో అవకాశం ఇస్తాను. ఇతను మీ గడపలోకి వస్తే, వెంటనే ఆఫీసుకి ఫోను చేసి చెబుతానని మీరు రాసివ్వాలి. సంతకం పెడితే ఇప్పుడే వెళ్ళిపోవచ్చు."

గుమాస్తా కాగితం ముందుకి జరిపాడు. పెన్ను మూత తీసి చేతికిచ్చాడు.

"పెట్టెయ్ పెద్దమ్మా," లాయరు చెవిలో అన్నాడు. "తర్వాత ఎవరు చూడొచ్చారు?"

చూడొస్తారని ఆవిడకి తెలుసు. చెడు జరగబోతోందంటే ఆవిడ అంచనా ఎప్పుడూ తక్కువ పడలేదు. సంతకం పెట్టి కొడుకుని బయటికి తీసుకుపోవచ్చు. తర్వాత ఒకనాడు వాడు తలుపు తడతాడు. అప్పుడు తను ఫోను దగ్గరికి నడవాలి. కన్న కొడుకు చెప్పులు విప్పుతుండగా, లోపలికెళ్ళి, గొంతు తగ్గించి, వచ్చాడండీ అనాలి. జీవితంలో ఏ కాగితం ముందు పెట్టినా భయంతోనే సంతకం చేసింది ఆవిడ. ఇప్పుడూ భయం గుండెల నిండా ఉంది. కానీ చెయ్యి లేవలేదు.

"చెప్పలేనండి," అంది.

"ఏమిటమ్మా?"

"వాడొస్తే కంచం పెడతాను. అదే తెలుసు నాకు. మీకు ఫోను చెయ్యలేను. చేస్తానని అబద్ధం రాయలేను."

చిన్నోడు తల్లివైపు చూశాడు. అంతసేపూ నవ్వుతున్నట్టే ఉన్న మొహం అప్పుడు మారింది.

జడ్జిగారు రాయడం మొదలుపెట్టారు. ప్రొబేషన్ రద్దు. ఆపి ఉంచిన ఆరు నెలల శిక్ష అమలు. గుమాస్తా ఆవిడ చేతిలోంచి పెన్ను తీసుకుని మూత పెట్టాడు. బంట్రోతు తర్వాతి నంబరు పిలిచాడు.

పక్క తలుపు దగ్గర పోలీసు చిన్నోడి భుజం పట్టుకున్నాడు. వాడు వెనక్కి తిరిగాడు. "అన్నయ్యతో చెప్పమ్మా, షెడ్డులో నా దుప్పటి ఉంది, తెచ్చుకోమను. ఇంకా..."

తలుపు మూసుకుంది.

వరండాలో పెద్దోడు ఆ చివరే ఉన్నాడు, లేచి నిలబడి. ఇవతలికి రావచ్చని ఎవరూ వాడికి చెప్పలేదు. తల్లి మధ్య బల్ల దాకా వచ్చి ఆగింది.

"ఏమన్నాడమ్మా?"

"నీ కోసం... షెడ్డులో దుప్పటి ఉందట. తెచ్చుకోమన్నాడు."

"ఇంకా?"

ఆవిడ కొడుకుని చూసింది, మూసిన తలుపుని చూసింది. ఆ మిగిలిన మాట కూడా అడిగి తెచ్చేదానిలా, వెనక్కి తిరిగి ఆ తలుపు వైపు నడిచింది.