పసుపుగుడ్డ కట్టిన తాబేలు

మా పేటలో వలకి తాబేలు పడితే ఎవరూ చంపరు. నుదుటికి పసుపు రాసి, కుంకం బొట్టు పెట్టి, మెడకో పసుపుగుడ్డ కట్టి, మమ్మల్ని చల్లగా చూడు స్వామీ అని దండం పెట్టి మళ్ళీ సముద్రంలో వదిలేస్తారు. శ్రీకూర్మం పక్కన పుట్టినవాళ్ళం, మాకు తాబేలంటే దేవుడే. ఆ నమ్మకమే మా కొంప ముంచబోయింది.

తిత్లీ తుఫాను పోయిన వారానికి, పొద్దున్నే నేను బతికున్న చేపలు బిందెలో వేసుకుని సరుగుడు తోట అవతలున్న కంపెనీకి వెళ్ళాను. కంపెనీ అంటే పెద్ద చదువులవాళ్ళు సముద్రం ఒడ్డున తవ్వించిన చెరువు, చుట్టూ కంచె. కోట్ల ఏళ్ళ కిందట భూమ్మీద లేకుండా పోయిన ఒక సముద్రపు జంతువుని, దాని ఎముకల్లోంచి ఏదో తీసి తాబేలు గుడ్డులో పెట్టి మళ్ళీ పుట్టించారు. పైకి చూస్తే తాబేలే. డిప్ప బండిచక్రమంత ఉంటుంది. నోరు తెరిస్తే మాత్రం లోపల వరసగా పళ్ళు. చచ్చిన చేపని ముట్టదు, కదిలేదే తింటుంది. అందుకే నా బేరం సాగింది.

దానికి మేత వేసే అసిరయ్య మా పేటవాడే. మేం సముద్రంలో వల దించాక తెప్ప అంచు మీద తెడ్డుతో కొడతాం. ఆ చప్పుడుకి చేపలు బెదిరి వలలో పడతాయి. చేతికి అలవాటైన పని కదా, చెరువులో కూడా అసిరయ్య పడవ అంచు మీద మూడు దెబ్బలు కొట్టి మేత వేసేవాడు. రాను రాను చెక్క చప్పుడు వింటే చాలు, ఏ మూలనున్నా వచ్చేసేది. ఒకరోజు మేతతో పాటు అతని చెయ్యి కూడా మణికట్టు దాకా పట్టుకుపోయింది. నేను గట్టు మీదే ఉన్నాను. ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మిషన్‌లో పడిందని చెప్పమని కంపెనీవాళ్ళే అసిరయ్యకి నేర్పారు.

ఆ పొద్దున గేటుకి తాళం వేసుంది. కంచె సందులోంచి చూస్తే గట్టు తెగిపోయి, చెరువులో బురద తప్ప ఏమీ లేదు. పెద్ద సారు తిరుమలరావు నన్ను చూసి పరుగున వచ్చాడు.

"తుఫాను రోజునే గట్టు తెగిందమ్మా. ఎవరితోనూ అనకు. దానంతట అదే చచ్చిపోతుంది."

"సావకపోతే?" అన్నాను.

ఆయన ఫోను వంక చూసుకున్నాడు. వారం రోజులు! మా మగాళ్ళు ఆ నీళ్ళలోకి దిగుతున్నారని తెలిసి కూడా వారం రోజులు నోరు మెదపలేదు. ఒళ్ళు మండిపోయింది గానీ తిట్టడానికి కూడా తీరిక లేదు. నా మొగుడు వినోద్, మరిది అప్పలసూరి తెల్లారకుండానే వేటకి వెళ్ళారు. మాకున్న ఒక్క ఫోనూ తుఫానులో తడిసి చచ్చింది. బిందె అక్కడే పారేసి పరిగెత్తాను.

ఒడ్డుకి వచ్చేసరికి జనం మూగి ఉన్నారు. ఒడ్డు నుంచి లాగే పెద్ద వల ఈ రోజు బరువుగా వచ్చిందట. వల మధ్యలో అది! ఇసుక మీద కళ్ళు మూసుకుని సాధువులా పడుంది. మా అత్త దాలమ్మ బొట్టు పెట్టడం అయిపోయి మెడకి పసుపుగుడ్డ ముడి వేస్తోంది.

"అత్తా, ఇవతలికి రా! అది తాబేలు కాదు!"

"ఏటే ఆ కూతలు? కూర్మనాదుడు కళ్ళెదుట ఉంటే కాదంతావేటి?"

"కంపెనీ సెరువులోది అత్తా. అసిరయ్య సెయ్యి తినీసింది ఇదే. మిసను మాట అబద్దం."

వల యజమాని సూరయ్య మావ తల అడ్డంగా ఊపాడు. "తుపానుకి సగం తెప్పలు పోయి ఏడుస్తంటే సామి మన ఒలలోకొచ్చినాడే గుంటా. ఆపీస్తే ఊరు మిగుల్తాదేటి?"

"మొక్కండి మావా, కానీ నీళ్ళల్లో ఒగ్గకండి. సెక్క సప్పుడైతే సాలు, ఎగబడతాది. మన వినోద్ ఏటలో ఉన్నాడు!"

"కంపెనీ కూడు తిన్న నోరు, ఇంకెలాగ ఆడతాది?" అంది మా అత్త.

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఆ కూడు ఆవిడా తింది. పోయి దానికి అడ్డంగా ఇసుకలో పడుకున్నాను. నలుగురు ఆడవాళ్ళు రెక్కలు పట్టి లాగేశారు. మగవాళ్ళు జై కొడుతూ దాన్ని నీళ్ళలోకి నెట్టారు.

మొదటి అల మీద పడగానే అది కళ్ళు తెరిచింది. అంతవరకు బండలా పడున్నది ఒక్క విసురుతో లోపలికి పోయింది. సూరయ్య మావ కుక్క రోజూలాగే వలలోంచి జారిన చేపల కోసం నీళ్ళలో ఈదుతోంది. ఒక్కసారి కుయ్యిమంది. తర్వాత కుక్క లేదు. నీళ్ళు ఎర్రగా ఒడ్డుకొచ్చి మా కాళ్ళు తడిపాయి.

కెరటాల అవతల వినోద్ వాళ్ళ తెప్ప కనబడుతోంది. నీటి మీద పసుపుగుడ్డ కొస తేలుతూ మునుగుతూ తిరుగుతోంది.

"ఓలమ్మో, నా కొడుకులు!" అంటూ మా అత్త కొంగు విప్పి ఊపడం మొదలెట్టింది. ఆవిడని చూసి అందరూ తువ్వాళ్ళు, లుంగీలు, చేతికందిన గుడ్డల్లా ఊపారు. నేనూ ఊపాను. తెప్ప మీద వినోద్ లేచి నిలబడి చెయ్యెత్తాడు. అప్పుడు గుర్తొచ్చింది, నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఒడ్డు నుంచి గుడ్డ ఊపితే మాలో అర్థం ఒక్కటే: చేపల మంద మీ పక్కనే ఉంది, వల దించి కొట్టండి.

"దించండి! గుడ్డలు దించండి!"

అప్పటికే ఆలస్యమైపోయింది. టక్, టక్ మని తెడ్డు చప్పుడు గాలిలో తేలి వచ్చింది. తిరుగుతున్న పసుపుగుడ్డ ఆగింది. తిన్నగా తెప్ప వైపు కదిలింది.

ఇంకేమీ ఆలోచించలేదు. ఒడ్డున కట్టిన తెప్పని నీళ్ళలోకి తోయించి, నడుం లోతులో నిలబడి, తెడ్డు తీసుకుని అంచు మీద కొట్టాను. అసిరయ్య కొట్టినట్టే, మూడు దెబ్బలు, ఆగి మళ్ళీ మూడు.

"మావా, బతికున్న సేపలన్నీ ఇక్కడ పొయ్యండి. నా ఎనకాల ఒల తిప్పండి, బేగి!"

తుఫాను తర్వాత ఆ వలకి పడిన మొదటి పెద్ద వేట అది. సూరయ్య మావ మారు మాట్లాడకుండా తట్టలన్నీ నా చుట్టూ బోర్లించాడు. చేపలు నా కాళ్ళ మధ్య గిలగిల్లాడుతున్నాయి. అక్కడ వినోద్ కొడుతున్నాడు, ఇక్కడ నేను. గుడ్డ వాళ్ళ దాకా పోయింది. తెప్ప ఒకసారి అదిరి పక్కకి ఒరిగింది. అప్పలసూరి మోకాళ్ళ మీద పడ్డాడు. వినోద్ చేతిలో తెడ్డు ఆగిపోయింది.

ఇప్పుడు సముద్రంలో నా చప్పుడు ఒక్కటే. మూడు. మళ్ళీ మూడు.

గుడ్డ నా వైపు తిరిగింది. నిజం చెప్పొద్దూ, మొగుడు బతికాడన్న సంతోషం కంటే అది నా మీదకే వస్తోందన్న భయమే ఎక్కువైంది. తెడ్డు చేతిలోంచి జారింది. ఎవరో దాన్ని అందుకుని అంచు మీద కొట్టారు. చూస్తే మా అత్త. ఈత రాని మనిషి, ఛాతీ లోతులో నిలబడి కొడుతోంది.

"నువ్వు ఒడ్డుకి పోయే. బొట్టెట్టి ఒగ్గింది నాను."

నేను పోలేదు. అది మా ముందు పైకి లేచి తెప్ప అంచుని ఒక్క కొరుకు కొరికింది. చెక్క తునకలైంది. అదే అదనుగా సూరయ్య మావ అరిచాడు. రెండు పక్కల నుంచీ వల మూసుకుంది. పేటంతా కలిసి లాగితే ఇసుక మీదకి వచ్చి పడింది. ఒడ్డు తగలగానే మళ్ళీ కళ్ళు మూసుకుంది.

గొడ్డలి అయితే వచ్చింది గానీ, ఎవరి చెయ్యీ లేవలేదు. నుదుటి మీద బొట్టు ఇంకా చెరగలేదు. మా అత్త దాని పక్కన కూలబడింది. తడికొంగుతో ఆ పసుపు, కుంకం తుడిచింది. మెడలో గుడ్డ ముడి విప్పింది.

"నువ్వు దేవుడివి కావు. నిన్ను మనుసులు సేసినారు. నీ తప్పేటి నేదు," అంది.

అప్పుడే వినోద్ వాళ్ళ తెప్ప ఒడ్డు తాకింది. రోజూ దిగేముందు అలవాటుగా కొట్టినట్టే, ఇవేవీ తెలియని వినోద్ తెడ్డుతో అంచు మీద మూడు దెబ్బలు కొట్టాడు.

ఇసుకలో అది తల అటు తిప్పింది. కళ్ళు మూసుకునే, మేత కోసం నోరు తెరిచింది.

"ఆకలేసింద్రా దానికి," అంటూ మా అత్త గుండెలు బాదుకుని ఏడ్చింది.

నాకూ ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే వెళ్ళి గొడ్డలి తీసి సూరయ్య మావ చేతిలో పెట్టాను.