తరువాతి నంబరు

జలాశయం ఆఫీసులో హెచ్చరికల ప్రోగ్రాం చూసే అమ్మాయిని అందరూ పొట్టి మేడం అంటారు. గేట్లు ఎత్తేముందు దిగువ వీధుల్లోని ఫోన్లన్నిటికీ సందేశం వెళ్ళాలి. ఆమె రాకముందు నంబరుకో వరుస చొప్పున పేజీలకు పేజీలు కోడ్ ఉండేది. ఆ చాంతాడంత కోడ్‌ను ఆమె ఒక బుల్లి లూపుగా కుదించింది: నంబరు తీసుకో, సందేశం పంపు, అది చేరాక తరువాతి నంబరుకు వెళ్ళు. చూసినవాళ్ళంతా ముచ్చటపడ్డారు.

ఆ మధ్యాహ్నం కుండపోత వానలో ఆమె బటన్ నొక్కింది. లూపు గబగబా నడిచి, సగంలో ఓ నంబరు దగ్గర చతికిలబడింది. ఆ ఫోన్ స్విచ్ ఆఫ్. దానికి చేరితే గాని లూపు ముందుకు కదలదు.

నంబరు చూడగానే ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. అది సొంత అక్కది. మంచాన పడ్డ అత్తగారిని చూసుకుంటూ అక్క ఒక్కతే ఉంటుంది ఆ ఇంట్లో.

"అయిందా అమ్మా?" గేట్ల దగ్గర్నుంచి ఇంజనీరు ఫోన్లో అరిచాడు. "ఇంక ఆపడం నా వల్ల కాదు. కట్ట తెగితే ఊరే ఉండదు."

"ఒక్క నిమిషం సార్, మీకు దణ్ణం పెడతా!"

అక్కకు ఫోన్ చేసింది. మళ్ళీ చేసింది. కలవలేదు. జాబితాలో అక్క వెనక వీధి వీధంతా ఉంది. లూపులో ఇంకో వరుస చేర్చింది: అందకపోతే వదిలేసి ముందుకు పో. అక్క చేతిని తానే విదిలించుకుంటున్నట్టు అనిపించింది. కళ్ళు తుడుచుకుని బటన్ నొక్కింది. లూపు అక్కను దాటి పరుగెత్తింది. గేట్లు లేచాయి.

జాబితాలో అక్క తరువాత ఉన్న నంబరుకు ఆమే ఫోన్ చేసింది. ఎత్తింది ఒక దర్జీ.

"అన్నా, మీ వీధిలో మంచాన పడ్డ పెద్దావిడ ఉన్న ఇల్లు మా అక్కదన్నా. ఫోన్ కలవట్లేదు. కాస్త వెళ్ళి చూడవా?"

"మెసేజ్ ఇప్పుడేగా వచ్చింది తల్లీ! అప్పుడే మోకాళ్ళ లోతు నీళ్ళు. సరే, పోతున్నా."

దర్జీ అక్కను బయటికి లాక్కొచ్చాడు. అత్తగారి కోసం తిరిగి వెళ్ళేసరికి ఆవిడ పడుకున్న గది నీళ్ళలో మునిగి కనిపించలేదు.

సాయంత్రం, ఊళ్ళోవాళ్ళు తలదాచుకున్న బడి వరండాలో అక్క తడిబట్టలతోనే గోడకు ఆనుకుని ఉంది.

"ఇంకాస్త ముందు తెలిసుంటే అత్తయ్యను ఎత్తుకొచ్చేసేదాన్నే."

"లూపు నీ దగ్గరే ఆగిపోయిందక్కా. అది రాసింది నేనే."

"ఏం మాట్లాడుతున్నావే నువ్వు?"

ఆమె విడమరిచి చెప్పబోయింది. అక్క ఆమె భుజం మీద వాలిపోయి బావురుమంది.