వినపడితే నొక్కు

"బంగారూ, మీ అమ్మకి చెప్పు. నా నీలం చొక్కా ఇంకా ఇస్త్రీ కాలేదని."

మా ఆయన ఈ మాట నా పొట్టతో అన్నాడు. ఐదో నెల దాటిన దగ్గర్నుంచి మా ఇంట్లో పనులన్నీ ఇలా పొట్ట మీదుగానే వస్తున్నాయి. మా అత్తగారైతే వంగి మరీ, గారం ఒలకబోస్తూ, "మీ అమ్మకి చెప్పు నాన్నా, పాలు పొంగుతున్నాయని" అంటుంది. ఆ ఇద్దరికీ అంత తియ్యటి గొంతులున్నాయని పెళ్ళయిన నాలుగేళ్ళలో నాకు తెలియనే తెలియదు. తీపంతా పొట్టకి, పని నాకు. నేను పాలు దించి, చొక్కా పరిచి, ఇస్త్రీపెట్టె వేడెక్కే దాకా నడుం పట్టుకుని నిలబడతాను. జవాబు చెప్పను. "మా కోడలికి నోట్లో నాలుక లేదమ్మా" అని ఆవిడ ఇరుగుపొరుగు వాళ్ళ దగ్గర గొప్పగా చెప్పుకుంటుంది. నిజం చెప్పొద్దూ, అది నాకూ మెప్పుగానే వినిపించేది. అందుకే పోయిన వారం కాన్పుల డాక్టరు, "రక్తం బాగా తక్కువుంది. ఇంటికెళ్ళగానే కాసేపు పడుకుని తీరాలి, ఇలా అలిసిపోతే ఇద్దరికీ మంచిది కాదు" అన్నప్పుడు బుద్ధిగా తలూపి వచ్చాను. మాత్రలు మింగుతున్నాను. పడుకోమన్న మాట కూడా మింగేశాను.

నా ఉద్యోగం చెవుల ఆసుపత్రిలో, వినికిడి పరీక్షలు చెయ్యడం. గదిలో ఇంకో చిన్న గది, గోడలకి మందపాటి మెత్తలు, తలుపు వేస్తే బయటి చప్పుడు చీమంతైనా లోపలికి రాదు. వచ్చినవాళ్ళని అందులో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి బటన్ ఇచ్చి, రోజంతా ఒకటే పాట పాడతాను: "ఎంత సన్నగానైనా సరే, వినపడితే నొక్కండి." తర్వాత అద్దానికి ఇవతల కూర్చుని హెడ్‌ఫోన్లలోకి పంపే శబ్దం తగ్గించుకుంటూ పోతాను.

ఆవేళ మధ్యాహ్నం మా చెవుల డాక్టరమ్మ టిఫిన్ డబ్బా మూత తీస్తూ అడిగింది.

"ఎన్నో నెలే నీకు?"

"ఆరు, మేడమ్."

"అయితే బిడ్డకి లోపలి చెవి తయారైపోయి ఉంటుందే! అది ఇప్పటికే నీకూ నాకూ ఉన్నంత ఉంటుంది. మనిషి పెరుగుతుంది గానీ అది ఇంక పెరగదు."

ముద్ద నా చేతిలోనే ఆగిపోయింది. నా బొటనవేలంత పాదాలైనా ఉండని మనిషికి, నిండు మనిషి చెవా!

"ఏం వింటుంది మేడమ్?"

"నీ గుండె, నీ పేగులు. మనుషుల్లో అయితే అందరికన్నా బాగా నీ గొంతే. మిగతావాళ్ళ మాటలు పక్కింట్లోంచి వచ్చినట్టు వస్తాయి. నీది నీ ఒంట్లోంచే దిగుతుంది."

ఆవిడ మామూలుగా చెప్పేసి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళింది. నేను మాత్రం ఎంగిలి చేత్తో అక్కడే కూర్చుండిపోయాను. ఇంట్లో నా గొంతు ఎంతని? ఊఁ. సరే. వస్తున్నా. అంత మంచి చెవి తయారుచేసుకుని, పాపం అది పగలూ రాత్రీ కాచుకుని కూర్చుంటే ఆసుపత్రి పాట కాక నేను వినిపించినవి ఈ మూడేనా?

తర్వాతి పేషెంటు ఇంకా రాలేదు. లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని, ఎప్పుడూ పేషెంట్లు కూర్చునే కుర్చీలో కూర్చున్నాను. ఎంత నిశ్శబ్దమంటే నా నెత్తురు నాకే వినపడుతోంది.

"ఇదిగో," అన్నాను. నా గొంతుకి నేనే ఉలిక్కిపడ్డాను. "నేను... మీ అమ్మని. నాకు నడుం నొప్పిగా ఉంది. ఇస్త్రీ చెయ్యడమంటే నాకు చచ్చేంత అసహ్యం. నిద్ర కావాలి. రోజూ కావాలి." ఇంకేం చెప్పాలో తోచలేదు. అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది: "వినపడితే నొక్కు."

బొడ్డు కింద, ఎడమ పక్కన, లోపలి నుంచి ఒక్క తన్ను.

ఇదివరకూ కదిలింది, కాదనను. మా పరీక్షలో ఒకసారి నొక్కితే నమ్మం, మళ్ళీ అడుగుతాం. కాసేపు ఆగి, నెమ్మదిగా, మళ్ళీ అన్నాను. మళ్ళీ నొక్కింది. అదే చోట. ఎన్నేళ్ళుగానో ఎంతమంది చెవులనో పరీక్షించాను, ఎవరు బటన్ నొక్కినా నాకు ఏడుపు రాలేదు. చూసేవాళ్ళు లేరు గనక కరువుతీరా ఏడ్చాను. నా మాట వినడానికి లోకంలో ఒక మనిషి తయారవుతోంది. నా రక్తంతోనే తయారవుతోంది.

సాయంత్రం చెప్పులు విప్పీ విప్పకముందే అత్తగారు వంగింది. "బంగారుకొండా, మీ అమ్మకి చెప్పు, గిన్నెలన్నీ సింకులో అలాగే ఉన్నాయని." సోఫాలోంచి మా ఆయన నవ్వాడు.

"అత్తయ్యా, మీ మాటలు దానికి అంతగా వినపడవు," అన్నాను. "నావే వినపడతాయి."

"ఏవిటీ?"

"నాకు రక్తం తక్కువగా ఉంది. ఇంటికి రాగానే పడుకోమని డాక్టరు చెప్పి వారమైంది. ఇవాళ్టి నుంచి పడుకుంటాను. గిన్నెలు మీ అబ్బాయి కడుగుతారు."

మా ఆయన లేచి నిలబడ్డాడు. చాలా రోజుల తర్వాత పొట్ట వైపు కాకుండా నా మొహం వైపు చూశాడు.

"నువ్వేనా మాట్లాడుతోంది?"

"నేనే," అన్నాను.

లోపల బటన్ నొక్కింది.