గుర్రం రాయి

పాలెగాని నగరు అని ఆ పాత మేడకు పేరు గొప్పగానే ఉంటుంది గానీ, మిగిలింది భూపేష్ రెడ్డి పొలం నడుమ మూడు మొండిగోడలు, ఒక వాకిలి. వాకిలి మీద గుర్రం చెక్కిన రాయి. ఆ గోడల్లో మద్దమ్మ దేవత ఉందని మావాళ్లెవరూ వాటిని ముట్టరు. సోలార్ కంపెనీ పొలం అడిగి, గోడలు తీసేస్తేనే తీసుకుంటామన్నప్పుడు భూపేష్ రెడ్డి ముందు నన్నే పిలిచాడు. ఆయన పొలమే రెండెకరాలు నేను కౌలుకు చేస్తున్నాను. అయినా గడ్డపార పట్టనన్నాను. నా భక్తికి నేనే మురిసిపోయాను కూడా.

ఆయన చర్చి వీధికి పోయి నెహెమ్యాను పట్టుకున్నాడు.

"మీకు యేసు ఉండాడు గదప్పా, మద్దమ్మ నిన్నేం జేస్తాది? పడగొట్టు. రాళ్లన్నీ నీవే, ఇల్లు కట్టుకో."

పన్నెండేళ్లుగా రేకుల కొట్టంలో ఉడికిపోతున్నవాడు కాదంటాడా? వేసవంతా నెహెమ్యా, భార్య రెజీనా ఆ గోడల మీదే పడ్డారు. రెజీనా అరచేతులు పగిలితే గుడ్డలు చుట్టుకుని మోసింది. వానలు పడేలోపు రెండు గదుల ఇల్లు లేచింది. గుర్రం రాయిని కొత్త వాకిలి మీద దగ్గరుండి పెట్టించింది భూపేష్ రెడ్డే. పాస్టరయ్య ప్రార్థన చేసిన రోజు రెజీనా ఊరందరికీ పాయసం పంచింది. నేనూ తాగాను.

రెండు నెలలకు పాత కట్టడాలను కాపాడే సర్కారు ఆఫీసరు జీపులో వచ్చాడు. చేతిలో ఎప్పటిదో ఫోటో, అందులో గుర్రం రాయి.

"నేను కడపలో ఉంటా సార్, నాకేం తెల్సు?" అన్నాడు భూపేష్ రెడ్డి. "రాళ్లు యాడుండాయో చూడండి." నావైపు తిరిగి, పేరు పెట్టి పిలిచి నవ్వాడు. "చెప్పు ఉరుకుందప్పా, పడగొట్టిందెవరు?"

"నెహెమ్యా," అన్నాను. అబద్ధం కాదు. పడగొట్టమన్నదెవరని ఆఫీసరు అడగలేదు, నేను చెప్పలేదు. రెండెకరాలు గుర్తొచ్చాయి. ఆఫీసరు రాసిన కాగితం మీద సాక్షి సంతకం నాదే.

కేసు లేకుండా మాట్లాడానని భూపేష్ రెడ్డి గొప్పగా చెప్పుకున్నాడు. పది రోజుల్లో రాళ్లన్నీ తిరిగి పొలంలో చేర్చాలి, అంతే. నెహెమ్యా ఆయన కాళ్లు పట్టుకున్నాడు. "నీ మంచికే చెప్తాండా," అని ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

ఆ రాళ్లు మావాళ్లు ముట్టరు. ఆఫీసుకు భయపడి చర్చి వీధివాళ్లూ రాలేదు. అందుకని ఇల్లు కట్టినవాడే ఇల్లు విప్పాడు. రెజీనా బిందెలు, బొంతలు బయటపెట్టి, వేపచెట్టు కింద పాత రేకులు మళ్లీ నిలబెట్టుకుంది.

ఆ పొద్దు నేను అటుగా పోతున్నాను. నెహెమ్యా నిచ్చెన మీద నుంచి గుర్రం రాయి ఊడదీశాడు.

"అన్నా, శానా బరువుండాది. రోంత పట్టుకోన్నా."

నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను. నన్నాపింది మద్దమ్మ కాదు. నిచ్చెన పక్కన భూపేష్ రెడ్డి నిలబడి చూస్తున్నాడు.

రెజీనా వచ్చి, నన్ను పక్కకు జరగమని, ఆ రాయి తన చేతుల్లోకి తీసుకుంది.