రెండడుగుల రణరంగం

నేను ఒక యుద్ధభూమిని. పొడవు మూడడుగులు, వెడల్పు రెండడుగులు. ఇన్నేళ్ళలో నా మీద వేలమంది చచ్చారు కాని ఒక్క రక్తపు చుక్క పడలేదు. పడినవన్నీ కాఫీ మరకలే. ఒకసారి మాత్రం పకోడీల నూనె పడింది. ఆ మరక ఉన్నచోట నేల జారుడుగా ఉంటుందనీ, గుర్రాలు అక్కడ సగం వేగంతోనే నడవాలనీ నా యజమానులు అప్పటికప్పుడు ఒక నిబంధన రాసుకున్నారు. మనుషులు పిచ్చివాళ్ళని నాకు ఆ రోజే అర్థమైంది. వాళ్ళమీద ఇష్టం పుట్టిందీ ఆ రోజే.

నన్ను గీసినవాడు వరహాలు. విశాఖపట్నం రేవు పక్కన ఒక ఇంజనీరింగు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. 1968 వేసవిలో ఒక విదేశీ ఓడ మరమ్మతు కోసం మూడు వారాలు ఆగింది. కొలతలు తీసుకోవడానికి ఓడెక్కిన వరహాలుకి భోజనాల గదిలో ఇద్దరు ఇంజనీర్లు ఒక అట్ట మీదకి వంగి కూర్చుని కనిపించారు. అట్టనిండా తేనెపట్టులాగా ఆరుపలకల గళ్ళు. గళ్ళలో కొండలు, రోడ్లు, అడవులు. వాటి మీద వేలిగోరంత అట్టబిళ్ళలు. ప్రతి బిళ్ళ మీదా రెండు అంకెలు, ఒకటి బలం, ఇంకోటి నడక. ఎప్పుడో నూటయాభై ఏళ్ళ కిందట యూరపులో జరిగిన యుద్ధాన్ని వాళ్ళిద్దరూ మళ్ళీ మొదటినుంచీ పోరాడుతున్నారు. ఓడిపోయినవాడు ఈసారి గెలుస్తాడేమో చూద్దామని.

వరహాలు కొలతలు తీయడం మర్చిపోయాడు. ఆ మూడు వారాలూ ఏదో ఒక వంకన రోజూ ఓడెక్కాడు. వాళ్ళు నేర్పారు, ఇతను నేర్చుకున్నాడు. ఓడ వెళ్ళిపోయింది, దాంతోపాటు ఆ ఆట పెట్టె కూడా వెళ్ళిపోయింది. అలాంటి పెట్టెలు ఎక్కడ దొరుకుతాయని ఊళ్ళో అడిగితే, వైకుంఠపాళీ పటం చేతిలో పెట్టి పంపించారు.

దొరకని వస్తువును ఏం చేస్తారు? గీసుకుంటారు. ఆఫీసువాళ్ళు రేవులో ఓడలు ఆనే జెట్టీ ఒకటి కడదామనుకుని మానేశారు. రద్దయిన ఆ డ్రాయింగు, గుడ్డ అతికించిన మంచి కాగితం, పై అధికారినడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. దాని వెనకవైపు ఖాళీగా ఉంది. అదే నేను. వృత్తలేఖిని పెట్టి, మూలమట్టం పెట్టి, ఏడువందల ఎనభై గళ్ళు పదకొండు రోజుల్లో గీశాడు. ఒక్కో గడికీ నాలుగంకెల నంబరు వేశాడు. చీమ తలంత అక్షరాలు, ఒక్కటీ వంకర పోలేదు.

ఏ యుద్ధం గీయాలన్నది చెప్పినవాడు వరహాలు స్నేహితుడు దైవసహాయం. కాలేజీలో చరిత్ర పాఠం చెప్పేవాడు. పిఠాపురం దగ్గర చందుర్తిలో 1758లో ఫ్రెంచివాళ్ళు ఒకవైపు, ఇంగ్లీషువాళ్ళూ విజయనగరం రాజావారి సేనా ఇంకోవైపు కొట్టుకున్నారు. ఏపుగా పెరిగిన చేను చాటున ఇంగ్లీషు దళం ఉండిపోవడంతో, ఎర్రకోట్లు తొడుక్కున్న దేశీ సిపాయిల్నే ఇంగ్లీషువాళ్ళనుకుని ఫ్రెంచివాళ్ళు వాళ్ళమీద పడ్డారు, చేను చాటు దళం పక్కనుంచి కాల్చడంతో ఓడిపోయారు. "మన పక్కనే జరిగిన యుద్ధం ఉండగా పరాయి ఊళ్ళ యుద్ధాలెందుకండీ వరహాలు గారూ?" అన్నాడు దైవసహాయం. ఇద్దరూ రెండు ఆదివారాలు రైలెక్కి వెళ్ళి ఆ పొలాల్లో అడుగులు లెక్కపెట్టుకుంటూ తిరిగారు. పొలం కొలుస్తున్నారని రైతులు కంగారుపడి మజ్జిగ ఇచ్చి మరీ ఆరాతీశారు. ఒక గెడ్డ దగ్గర మాత్రం ఇద్దరికీ పేచీ వచ్చింది. ఆ వాగు అప్పుడు అక్కడ పారిందో లేదో ఎవరికీ తెలియదు. ఉంటే ఆట రక్తికడుతుందని ఉంచేశారు.

ఇంట్లో ఉన్నది ఒకటే బల్ల. యుద్ధం నడుస్తున్నన్నాళ్ళూ బిళ్ళలు కదపకూడదు. అందుకని వరహాలు భార్య కనకం రెండేళ్ళపాటు అందరికీ కిందే వడ్డించింది. "ఆ ఫ్రెంచోళ్ళు ఎప్పుడు చస్తారో చెప్తే బల్ల తుడుసుకుంటాను" అనేది. బట్టలు మడతపెడుతూ, బియ్యం ఏరుకుంటూ అటూ ఇటూ తిరిగేది. ఆమె ఆగి చూసేదని మగవాళ్ళిద్దరూ గమనించలేదు. ఆమె కళ్ళు నా మీద ఎంతసేపు నిలిచేవో నాకు తెలుసు.

1971లో దైవసహాయాన్ని కాకినాడ బదిలీ చేశారు. ఆట ఆగకూడదని ఆయన నా నకలొకటి ట్రేసు తీయించుకుని వెళ్ళాడు. ఎత్తులు పోస్టుకార్డుల మీద నడిచాయి. పాచిక ఎవరు వెయ్యాలి? ఎవరింట్లో వేస్తే రెండోవాళ్ళు నమ్మాలి? దానికీ దారి కనిపెట్టారు. ఫలానా రోజు పేపర్లో కాకినాడ ఎండ ఎన్ని డిగ్రీలో చూసి, చివరి అంకెనే పాచికగా తీసుకున్నారు. వారానికో కార్డు వచ్చేది. సైకిలు బెల్లు వినబడగానే వరహాలు పెళ్ళిచూపులకు ముస్తాబైనవాడిలా గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు.

డిసెంబరులో నిజం యుద్ధం వచ్చింది. ఊరంతా కిటికీలకు నల్లకాగితాలు అంటించారు. రేవులోకి వెళ్ళేవాళ్ళ సంచులు వెతికారు. సరిగ్గా ఆ వారమే కాకినాడ నుంచి ఒక కార్డు బయల్దేరింది. "ఫిరంగులు 1412 నుంచి 1715కు చేరాయి. చేనులో దాగినవాళ్ళ సంగతి మీకే తెలియాలి. దాడి సోమవారం, కాకినాడ ఎండను బట్టి."

ఆ కార్డు వరహాలుకి చేరలేదు. పోలీసులు వచ్చారు.

నన్ను చాపలా చుట్టి, ఇంట్లో ఉన్న కార్డులతో సహా పట్టుకెళ్ళారు. స్టేషనులో ఇన్‌స్పెక్టరు నన్ను విప్పి చూశాడు, ఏమీ అర్థంకాక తిరగేశాడు. వెనక జెట్టీ. రేవులో పనిచేసే మనిషి, రేవు పటం, దాని వెనక సేనలు, అంకెల కార్డులు. నేనే ఆ ఇన్‌స్పెక్టరునైతే నన్ను నేను నమ్మేవాణ్ణి కాను. జెట్టీ కట్టనేలేదని, కాగితం తానే ఇచ్చానని పై అధికారి రాసిచ్చాడు. అది తేలినా అంకెల సంగతి తేలలేదు. కేసు తేలేదాకా వరహాలు ఆఫీసుకి రానక్కర్లేదన్నారు. పగలంతా స్టేషను బెంచీ మీద కూర్చోబెట్టేవారు. "ఆటండీ, ఆట" అన్నదే మళ్ళీ మళ్ళీ చెప్పి అతని గొంతు బొంగురుపోయింది. ఎంత వివరిస్తే అంత అనుమానంగా వినబడేది.

నాలుగో రోజు పొద్దున్న కనకం వచ్చింది. ఒక చేతిలో బిళ్ళల డబ్బా, నెత్తిమీద పాత పేపర్ల మూట.

"మా ఇంటాయన మాట నమ్మొద్దు బాబూ" అంది ఇన్‌స్పెక్టరుతో. "ఆ కార్డులిలా ఇవ్వండి. నాను ఆడి సూపిస్తాను. ఆయన్ని నోరు మెదపొద్దనండి."

దైవసహాయం ఇంట్లో బల్లమీద ఏ బిళ్ళ ఏ గడిలో ఉందో కాకినాడ పోలీసులు రాసి పంపిన జాబితా ఇన్‌స్పెక్టరు సొరుగులో ఉంది. ఆ సంగతి ఆమెకు తెలియదు. "సరేనమ్మా, ఆడు" అన్నాడు.

ఆమె నన్ను బల్లమీద పరిచి, అంచులకు సిరాబుడ్లు బరువు పెట్టింది. వచ్చిన కార్డులూ, వరహాలు పంపిన కార్డుల నకళ్ళూ వరసగా పేర్చుకుంది. ఒక్కోటీ పైకి చదివి బిళ్ళ జరిపింది. దాడి అన్నచోటల్లా ఆ తారీఖు పేపరు తీసి ఎండ చూసింది. "ఇరవైతొమ్మిది. తొమ్మిదంటే ఫ్రెంచోళ్ళు రెండు గళ్ళు ఎనక్కి." బెంచీ మీద వరహాలు నోరు తెరిచి చూస్తున్నాడు. తను మూడేళ్ళు కాపురం పక్కనపెట్టి ఆడిన ఆట, ఆమె బియ్యం ఏరుకుంటూ నేర్చేసుకుందని అతనికి ఆ క్షణమే తెలిసింది. ఆ చూపులో సిగ్గు ఉంది, సిగ్గుకంటే పెద్దదేదో కూడా ఉంది.

మధ్యాహ్నానికి చివరి కార్డు పూర్తయింది. ఇన్‌స్పెక్టరు సొరుగులోంచి జాబితా తీసి సరిచూశాడు. ముప్ఫైఏడు బిళ్ళల్లో ముప్ఫైఆరు ఉండవలసినచోటే ఉన్నాయి.

"ఫిరంగులు తప్పాయమ్మా" అన్నాడు నెమ్మదిగా. "1715లో ఉండాలి. కార్డులోనూ అదే ఉంది. నువ్వు ఒక గడి వెనక పెట్టావు."

"మేస్టారే తప్పు రాసినారు" అంది కనకం. "మద్దిలో గెడ్డ ఉంది కదా. గెడ్డ దాటితే ఫిరంగులకి ఒక గడి నడక తగ్గాల. ఆ రూలు రాసింది ఆయనే. కావలిస్తే ఆయన్నే అడగండి."

వరహాలు బెంచీ మీంచి లేచిపోయాడు. తనమీద కేసున్న సంగతి, పక్కన కానిస్టేబులున్న సంగతి మర్చిపోయి నా మీదకి వంగాడు. గెడ్డ మీద వేలు పెట్టి గళ్ళు లెక్కపెట్టాడు. "నిజమే కనకం" అన్నాడు. "అయితే సోమవారం దాడి చెల్లదు. ఫిరంగులు అందవు."

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి బల్లమీద పెట్టాడు. మొగుణ్ణి విడిపించుకోడానికి వచ్చిన మనిషి, లెక్క సరిపోతే చాలనుకోవలసిన మనిషి, గెడ్డ దగ్గర రాజీపడలేదు. "గూఢచారులు ఇలాంటి తగువు పెట్టుకోరు" అన్నాడు తనలో తాను. కాకినాడకు ఫోను కలపమన్నాడు. కలిసేలోగా కుర్చీ దగ్గరకు లాక్కుని, "ఇంతకీ ఆ చేలో ఉన్నవాళ్ళు ఎప్పుడు లేస్తారమ్మా?" అని అడిగాడు.

"అది సెప్తే ఆటేటుంది బాబూ" అంది కనకం.

వరహాలు వారంలో మళ్ళీ ఉద్యోగంలో చేరాడు. కాని కాకినాడ నుంచి కార్డు రాలేదు. నెల, రెండు నెలలు, నాలుగు నెలలు. మే నెలలో దైవసహాయం తనే వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. నా ముందు కూర్చుని ఒక బిళ్ళ చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పాడు.

"నా క్లాసులో రెండో బెంచీ కుర్రాడండీ. సైన్యంలో చేరాడు, తిరిగి రాలేదు" అన్నాడు. "ఈ అట్టముక్క రెండొందల మంది అని మనమే రాశాం. ఇన్నాళ్ళూ వేలితో తోసేవాణ్ణి. ఇప్పుడు తోయలేకపోతున్నానండీ."

నా మీద చచ్చినవాళ్ళ గురించి అప్పటిదాకా ఎవరూ అలా మాట్లాడలేదు.

కనకం కాఫీ గ్లాసులు కింద పెట్టింది. "ఆ చందుర్తిలో పోయినోళ్ళ పేర్లు ఎవులికి తెలుసు అన్నయ్యగారూ?" అంది. "రెండొందల ఏళ్ళయింది. ఆళ్ళు ఎటు నిలబడ్డారో, ఎందుకు పోయారో అని ఇన్నాళ్ళూ ఎతికింది మీరిద్దరే. తోయలేకపోతే మానెయ్యండి. మర్చిపోకండి."

ఆయన ఆ రోజు ఆడలేదు. మర్నాడు ఆడాడు. కాని అప్పట్నుంచి ఓడిన బిళ్ళను డబ్బాలోకి విసరడం మానేశాడు. రెండు వేళ్ళతో తీసి, నా అంచున వరసగా పడుకోబెట్టేవాడు. తరవాత అందరూ అలాగే చేశారు. ఆ ఏడాది నుంచి ఎదురాట ఇద్దరిది కాదు, ముగ్గురిది. ఎక్కువ గెలిచింది కనకం.

కాలం గడిచింది. రంగురంగుల బోర్డులున్న విదేశీ పెట్టెలు కొనుక్కోగలిగే రోజులు వచ్చాయి. వరహాలు రిటైరయ్యాక ఒకటి తెప్పించుకుని, వాసన చూసి, ముచ్చటపడి మూతపెట్టి మళ్ళీ నా దగ్గరికే వచ్చాడు. తరవాత దైవసహాయం పోయాడు. ఆ పై ఏడాది వరహాలు పోయాడు. కనకం నన్ను గుడ్డలో చుట్టి, కూతురింట్లో తన గదిలో బీరువా మీద పెట్టుకుంది. పదేళ్ళు నా మీద ఎవరూ చావలేదు. అంత ప్రశాంతత ఏ యుద్ధభూమికీ మంచిది కాదు.

మొన్న మార్చిలో హైదరాబాదు నుంచి ఫణీంద్ర అనే ఆయన వచ్చాడు. నలభై దాటిన మనిషి. దైవసహాయం ఎప్పుడో కాలేజీ పత్రికలో రాసిన వ్యాసం చదివి వెతుక్కుంటూ వచ్చాడట. నన్ను పరిచి చూపిస్తే గళ్ళమీద చేయి ఆనించకుండా గాలిలోనే తడిమాడు. తన దగ్గర ఇలాంటి పెట్టెలు నాలుగువందలున్నాయనీ, నన్నిస్తే అద్దం బిగించి గోడకు పెట్టి భద్రంగా చూసుకుంటాననీ అన్నాడు.

"నాలుగొందలా" అంది కనకం. "అన్నీ ఆడేసినారా?"

ఆయన కొంచెం ఇబ్బందిపడ్డాడు. "ఇరవై ముప్ఫై ఆడుంటానమ్మా. ఎదురుగా కూర్చునేవాళ్ళు దొరకరు. అందరికీ పనులు. చాలావాటికి కవరు కూడా చింపలేదు."

కనకం ఆయన్ని జాలిగా చూసింది. ఒకే ఒక్క పటం, చేత్తో కోసిన బిళ్ళలు, వారానికో కార్డు, అయినా ఆడడానికి మనుషులు ఉన్న రోజులు ఆమె చూసింది.

"మీ రైలెప్పుడు?"

"ఐదింటికమ్మా."

"మరో రైలు ఉంటాది" అంది ఆమె, కళ్ళద్దాలు తుడుచుకుంటూ. "గోడ సంగతి తరవాత. కూకోండి. మీరు ఫ్రెంచోళ్ళు. ముందు నడవాల్సింది మీరే."

ఆయన బూట్లు విప్పి, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. చాలాసేపు ఆలోచించి, ఒక బిళ్ళ మీద వేలు ఆనించాడు. నేను నేలనై నిలబడ్డాను.