ఎంగిలి గిన్నె

నేను ఒక ఇత్తడి గిన్నెను. కింద కాడ, పైన వెడల్పాటి నోరు, లోపలా బయటా వెండి పూత. చినలంకపాలెం చర్చిలో ప్రభువు బల్ల జరిగే ఆదివారం ద్రాక్షారసం పోసి జనం నోటికి అందించేది నాతోనే.

నా పుట్టుక గొప్పది కాదు. నాలో సగం పైగా ఒక కరణంగారి తమ్మపడిగ. అంటే ఆయన మంచం పక్కన పెట్టుకుని తాంబూలం ఉమ్మిన పాత్ర. ఆయన పోయాక కొడుకులు దాన్ని పాత సామాన్లలో వేశారు. ఒక కంచరి కరిగించి నన్ను పోశాడు. పూత పూశాక ఎవరికీ అనుమానం రాలేదు. మనుషులు పూత వరకే చూస్తారు. ఉమ్ములోంచి వచ్చాను, ఎంగిలిలోకి పోయాను. పెద్ద మార్పేమీ లేదు.

నేను వచ్చిన రోజుల్లో చర్చిలో గిన్నెలు రెండు. ముందు బల్లల మీద కూర్చునే ఊరి రైతులకు ఒకటి. వెనక చాపల మీద కూర్చునే పాలెం వాళ్ళకు నేను. దేవుడు ఒక్కడే. రసం ఒక్క సీసాలోదే. మూతులు మాత్రం కలవకూడదు. ఒక శుభ శుక్రవారం నాడు పాలెం పెద్ద ఏలియా లేచి, నన్ను తీసుకుని ముందు వరసకు నడిచి, ఒక రైతు మూతి ముందు పెట్టాడు. "తాగితే ఇందులో తాగండి. లేదంటే మీ దేవుణ్ణి మీరు వెతుక్కోండి" అన్నాడు. వాళ్ళు తాగలేదు. తమ గిన్నె పట్టుకుని వెళ్ళిపోయారు. ఆ వారంలోనే ఎవరో ఏలియాను కాలవగట్టు మీద పట్టుకుని కొట్టారు. పళ్ళు రాలిన నోటితోనే ఆయన బల్ల దగ్గరికి వచ్చి నాలో తాగాడు. అందులో రసం ఎంత, నెత్తురు ఎంత అని ఎవరూ అడగలేదు. ఆయన వెనక పాలెమంతా తాగింది.

అప్పటినుంచి నేను గిన్నెను కాదు, గెలుపును. ఒకరి ఎంగిలి ఒకరు తాగడం అక్కడ పరువు. ఊళ్ళో టీ కొట్టు దగ్గర పాలెం వాళ్ళ గ్లాసులు బయట మేకుకు వేలాడుతున్న రోజులవి. తాగినవాడే కడిగి మళ్ళీ తగిలించాలి. ఏలియా కొడుకు జకరయ్య చిన్నప్పుడు ఆ గ్లాసు కడిగిన చేతులతోనే చర్చికి వచ్చి నన్ను తడిమి చూసేవాడు. తండ్రి పోయాక సంఘ పెద్ద ఆయనే అయ్యాడు. బల్ల దగ్గర మొదట తాగే మూతి ఆయనదే.

చివరి మూతి ఆరాధన నడిపే పాస్టరు అయ్యగారిది. అది ఆచారం. మాట చెప్పి దీవించిన రసం పారబోయకూడదు. అందరూ తాగాక అడుగున మిగిలింది, ఆ పైన నన్ను తొలిచిన నీళ్ళు, జనం చూస్తుండగా అయ్యగారే తాగాలి. పాలెం ఎంగిలంతా చివరికి ఆయన కడుపులోకి పోవాలి. ఎంతమంది అయ్యగార్లు కళ్ళు మూసుకుని మింగారో నాకు తెలుసు. జనం దాన్ని భక్తి అనుకున్నారు.

నతానియేలు అయ్యగారు కళ్ళు తెరిచే తాగేవాడు. సన్నటి మనిషి, ఉబ్బసం. ప్రసంగం మధ్యలో ఆగి గాలి పీల్చుకునేవాడు. ఆయన భార్య సలోమి అమ్మగారు ముందు వరసలో కూర్చుని, ఆయన ఆగినప్పుడల్లా తనూ ఊపిరి బిగబట్టేది.

ఒక ఏడు వానలు వెనకబట్టే వేళకు పట్నంలో కొత్త జ్వరం లేచింది. ఫ్లూ అన్నారు. గుడి, మసీదు, చర్చి పెద్దలందరినీ ఆస్పత్రివాళ్ళు పట్నానికి పిలిచి, జబ్బు మీ దాకా రాకముందే సిద్ధం కండి అని చెప్పారు. అయ్యగారు వెళ్ళి వచ్చాడు. ఒక పెట్టె నిండా బొటనవేలంత గాజు కప్పులు తెచ్చాడు. ఆదివారం ఆరాధన అయ్యాక జనాన్ని కూర్చోబెట్టాడు.

"గుళ్ళో తీర్థం ఆపుతామన్నారు. మసీదులో ఎవరి చాప వాళ్ళు తెచ్చుకుంటామన్నారు. మనం కూడా జ్వరం ఉన్నవాళ్ళం ఇంట్లోనే ఉందాం. జ్వరం వచ్చిన ఇంటికి పక్కింటివాళ్ళు జావ కాచి గడప దగ్గర పెట్టాలి. బల్లకి ఎవరి కప్పు వాళ్ళది" అన్నాడు.

జావ దాకా అందరూ తలలూపారు. కప్పు దగ్గర ఆగిపోయారు.

జకరయ్య లేచాడు. "ఇంకోసారి చెప్పండి అయ్యగారూ. ఎవరి కప్పు?"

"ఎవరిది వాళ్ళదే తాతా. కొన్నాళ్ళు."

"మేకులు కూడా తెచ్చారా? బయట గోడకి కొట్టుకుంటాం."

జనం నవ్వారు. ఆ నవ్వులో పాత గ్లాసుల చప్పుడు వినపడింది నాకు.

"అది వేరు తాతా. ఇది జబ్బు."

"అప్పుడు కూడా జబ్బనే అన్నారు. మా మూతులే జబ్బన్నారు. మా నాయన పళ్ళు రాలగొట్టించుకుని నిలబెట్టిన గిన్నె ఇది. మీరు బయటినుంచి వచ్చినోళ్ళు, మీకేం తెలుసు?"

"పోనీ కొన్నాళ్ళు రొట్టె ఒక్కటే ఇస్తాను."

"రక్తం లేని బల్లా?" అని ఏసమ్మ అనే ముసలమ్మ అరిచింది. "ఇంటికి పిలిచి చెయ్యి కడిగించి, కూడు పెట్టకుండా పంపిస్తావా అయ్యా?"

ఇంకెవరో, "మా ఎంగిలంటే అయ్యగారికి రోత పుట్టిందిరా" అన్నారు. అంతే. ఆ మాటతో పని అయిపోయింది. గాజు కప్పుల పెట్టె బీరువా కిందకు పోయింది.

బల్ల జరిగే ఆదివారం పొద్దున సలోమి అమ్మగారు నన్ను చింతపండుతో తోమింది. అయ్యగారు పక్కనే తెల్లంగీ తొడుక్కుంటున్నాడు.

"మిగిలింది తాగొద్దండీ. మొక్కల్లో పొయ్యండి. మీ ఊపిరి సంగతి మీకు తెలీదా?"

"అందరూ చూస్తారు సలోమీ. ఇవాళ నేను పారబోస్తే, రోత అన్న మాట నిజమైపోద్ది. రేపు జ్వరం వచ్చినోడు నా మాట వినడు."

"మీరు లేకపోతే ఎవరి మాట వింటారు?"

ఆయన అంగీ బొత్తాలు పెట్టుకున్నాడు. ఆమె నన్ను గట్టిగా తుడిచింది.

జకరయ్య పట్నంలో చుట్టాల పెళ్ళికి వెళ్ళి అంతకు ముందురోజే వచ్చాడు. తల నొప్పి అని పొద్దున కాఫీ కూడా తాగలేదట. కానీ పెద్ద కాబట్టి మొదట మోకరించాడు. ఆయన పెదవి తగలగానే నాకు తెలిసింది. పొయ్యి మీద పెనం లాగా కాలుతోంది. తాగి, మొహం పక్కకు తిప్పకుండానే దగ్గాడు. అయ్యగారు చూశాడు. గుడ్డతో నా అంచు తుడిచాడు. తర్వాతి మూతికి అందించాడు. మళ్ళీ అదే గుడ్డతో తుడిచాడు. ప్రపంచంలో అందరి నోళ్ళూ నా మీదే, నాకు మాత్రం మాట్లాడే నోరు లేదు. ఏసమ్మ కళ్ళు మూసుకుని రెండు గుక్కలు తాగింది.

చివరికి అడుగున కాస్త మిగిలింది. అయ్యగారు నన్ను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. చర్చి అంతా చూస్తోంది. జకరయ్య మరీ చూస్తున్నాడు. సలోమి అమ్మగారు తల అడ్డంగా ఊపింది. ఆయన తాగాడు. నీళ్ళు పోసి తొలిచి అవీ తాగాడు. జకరయ్య మొహం విప్పారింది. గెలిచాడు.

వారం తిరగకముందే పాలెంలో దగ్గు లేని ఇల్లు లేదు. ఏసమ్మ మొదట పోయింది. అయ్యగారిని పట్నం ఆస్పత్రిలో వేశారు. అక్కడ ఆయన గాలికోసం పది రోజులు కొట్టుకుని పోయాడు. పెట్టె మూసి తెచ్చి, మూసే పూడ్చారు. అమ్మగారికి కూడా జ్వరం. ఒక్కతే ఇంట్లో పడుకుంది. జావ అన్నప్పుడు తలలూపిన వాళ్ళలో ఒక్కరూ ఆ గడప దగ్గరికి రాలేదు. జకరయ్యకు మూడో రోజుకే నయమైంది.

ఆమె లేచి తిరిగే సరికి జకరయ్య గేటు బయట, మూతికి తువ్వాలు కట్టుకుని నిలబడ్డాడు. "అమ్మగారూ, కొత్త అయ్యగారు వస్తన్నారు. ఇల్లు సున్నం వేయించాల. మీరు ఎప్పుడు కాళీ చేత్తారో..."

ఆమె ఒక ట్రంకు పెట్టెతో పుట్టింటికి పోయింది.

ఆ తర్వాత సంఘానికి బుద్ధి వచ్చింది. మనుషులకు బుద్ధి శవం లేస్తే గాని రాదు. వచ్చాక మాత్రం బాగా వస్తుంది. ఎవరి కప్పు వాళ్ళకు కావాలన్నారు. గాజువి పగులుతాయని స్టీలువి చేయించుకుని, వాటి మీద పేర్లు కొట్టించుకున్నారు. ఇంటి పేరు, తండ్రి పేరు, కొందరు ఉద్యోగం కూడా. జకరయ్యది వెండిది. స్టీలు చేయించుకోలేని, ఇంకా వెనక చాపల మీదే కూర్చునే పేదలకు ప్లాస్టిక్‌వి ఇచ్చారు. వాటిని విడిగా ఒక బుట్టలో పెట్టి బయట వరండాలో ఉంచుతారు. మేకు ఒక్కటే తక్కువ. నన్ను అద్దాల పెట్టెలో పెట్టి, 'నతానియేలు అయ్యగారి జ్ఞాపకార్థం' అని నా మీద రాయించారు.

అయ్యగారి ఏడాది ఆరాధనకు సలోమి అమ్మగారిని పిలిచారు. జకరయ్య మాట్లాడాడు. "మన ఎంగిలిని అమృతం లాగా తాగిన మహానుభావుడు" అని కళ్ళు తుడుచుకున్నాడు. జనమూ ఏడ్చారు. తర్వాత బల్ల. కప్పులు పంచారు. ఆమె పేరు ఏ కప్పు మీదా లేదు.

"అమ్మగారికి వరండాలోది ఒకటి తెండ్రా" అన్నాడు జకరయ్య.

ప్లాస్టిక్ కప్పులో రసం పోసి ఇచ్చారు. ఆమె తాగలేదు. నడిచి వచ్చి అద్దాల పెట్టె తెరిచింది. నన్ను తీసి, దుమ్ము పైట చెంగుతో తుడిచి, ఆ రసం నాలో పోసింది. ఒక గుక్క తాగింది. జకరయ్య ఎదుటికి నడిచి, నన్ను ఆయన మూతి దగ్గర పెట్టింది.

"తాగండి తాతా. మీ నాన్నగారి గిన్నె."

ఏలియా కొడుకు వెనక్కి జరిగాడు. తువ్వాలు తడుముకున్నాడు. గొంతు తగ్గించి, దాదాపు ప్రేమగానే అన్నాడు: "ఎంగిలైంది గదమ్మా."

ఆమె కాసేపు అలాగే పట్టుకుని నిలబడింది. ఆయన మూతి దగ్గరికి రాలేదు. అప్పుడు మిగిలినదంతా తనే తాగింది. నీళ్ళు పోసి తొలిచి, అవీ తాగింది. అందరూ చూస్తుండగా. నన్ను బోర్లించి అద్దాల్లో పెట్టి, తలుపు వేసి, బస్సు వేళయిందని వెళ్ళిపోయింది.

బోర్లా ఉన్నాను. నా మీద అయ్యగారి పేరు ఉంది. నా అంచున ఆమె మూతి తడి ఉంది. అది ఆరేదాకా ఎవరూ పెట్టె తెరవలేదు. ఆ తర్వాతా తెరవలేదు.